చెంచాడు తోడు చెల్లించిన నేటితల్లి వ్రతము

అక్షతలు చేతబట్టుకొని, మాటలు మాని వినుడు.

"అన్యాయము జరిగినది ఎవరికి? ఎట్లు జరిగినది? ముందు అది చెప్పుము. ఫలము తరువాత వినెదను" అని హరితాక్షుడను ముని సత్యధృతి మహర్షిని అడిగెను. సత్యధృతి యిట్లు చెప్పెను.

అన్యాయము జరిగినది సూరాలు అను పేదరాలికి. గౌతమీతీరమున కుముదపురమను ఊర ఆమెకు ఒక ఆవును, ఒక గుడిసెయును ఉండెను. ఆ ఊరికి మాణిక్యాంబ కొత్తకోడలుగా వచ్చిన ఏడు వరద వచ్చి ఇంటింటి కుండలను కొట్టుకొనిపోయెను. పాలున్నను, తోడుపెట్టుటకు చెంచాడు పెరుగు ఏ ఇంటను లేకుండెను. సూరాలి ఉట్టిమీద మాత్రము ఒక ముంత మిగిలెను. ఆమె ముంత అడుగున నున్నదంతయు మాణిక్యాంబ గిన్నెలో వేసి, "నా సంగతి రేపు చూసుకుందాంలే. కొత్తగా వచ్చినదానివి, ముందు నువ్వు తోడుపెట్టుకో" అనెను. ఆ చెంచాడునుండియే మాణిక్యాంబ ఇంట పెరుగు, వెన్న, నేయి, పేరు కలిగినవి.

అయినను మాణిక్యాంబ నేటి అన్నము తినుచు రేపటి కూరకు దిగులుపడును. ఏడు కుండల పెరుగు ఎదుట నుండగా ఎనిమిదవ కుండకై నిట్టూర్చును.

పండ్రెండేండ్ల తరువాత ఒక ఆషాఢమాసమున ఈదురుగాలికి ఉట్టి తెగి సూరాలి పెరుగుముంత పగిలెను. ఆమె మనుమరాలు పైడి అప్పుడే జ్వరము తగ్గి లంఖణములు ముగించియుండెను. మరునాడు మజ్జిగన్నముతోనే పథ్యము పెట్టుమని వైద్యుడు చెప్పెను. సూరాలు గిన్నె పట్టుకొని మాణిక్యాంబ పెద్దింటి గడప కడకు వచ్చెను. మాణిక్యాంబ ఆమెను దూరమునుండి చూచి కలవరపడెను. రేపు చుట్టములు దిగినచో? ఎల్లుండి గేదె తన్నినచో? వెంటనే లోనికి పోయి గబగబ దీపము ముట్టించి వచ్చి, "అయ్యో సూరాలూ, దీపాలు పెట్టేశానే! దీపం పెట్టాక పెరుగు బయటికి ఇవ్వకూడదు కదా" అనెను.

పొద్దు ఇంకను గుంకలేదు. సూరాలు పడమటి దిక్కు ఒకసారి, ఆమె ముఖము ఒకసారి చూచి వెడలిపోయెను. పెద్దింట దీపము పెట్టిరి గదా యని తక్కినవారును తలుపులు మూసిరి. సూరాలి పాలు తెల్లవారుసరికి విరిగెను. ఆమె వానలో పిల్లను భుజాన వేసుకొని ఏరు దాటి చెల్లెలి ఊరు చేరెను. పిల్ల బ్రతికెను. సూరాలు మరల కుముదపురమునకు రాలేదు. జరిగిన అన్యాయమిది.

నాటినుండి మాణిక్యాంబ ఇంట పాలు తోడుకొనవయ్యెను. కుండ మార్చెను, గడ్డిలో పొదిగెను. ఎవరి ఇంటి తోడు తెచ్చినను పాలు విరిగెను. పాలు అవియే, చేయి తనదియే, తప్పినదేమో తెలియకుండెను. నేయి కొనువారు మానిరి. భర్త విరూపాక్షయ్య పశువులను ఒక్కొక్కటిగా అమ్మగా ఒక ముసలి గేదె మిగిలెను.

అప్పుడు నేటి దినమును కాచు దేవతయగు నేటితల్లి ముదుసలి రూపమున వచ్చి వ్రతము చెప్పెను. ఐదు గురువారములు ఆనాటి పాలతో, ఆనాటి వత్తితో పూజ చేయవలెను. పూజానంతరము గడపకు మొదట వచ్చినవారికి నైవేద్యములో సగము పెట్టవలెను. ఆ దినమున రేపు అను మాట అనరాదు. ఐదవ వారము, మొదట పుచ్చుకొన్నదానిని పుచ్చుకొన్నచోట ఇయ్యవలెను.

"మొదట పుచ్చుకున్నది ఏమిటమ్మా?" అని మాణిక్యాంబ అడిగెను.

"అది నీకు తెలిసిన నాడే ఐదో వారం" అని ముదుసలి వెడలిపోయెను.

మాణిక్యాంబ తికమకపడెను. ఏ వారము జ్వరము వచ్చునో, ఏ వారము మైల వచ్చునో యని భయపడి, ఒక్క గురువారమే ఐదు పీటలు వేసి, ఐదు దీపములు పెట్టి, ఐదు కొబ్బరికాయలు కొట్టెను. విరూపాక్షయ్య చూచి, "ఏమే, ఐదు రోజుల అన్నం కూడా ఈ పూటే తినేస్తావా?" అనెను. పాలు తోడుకొనలేదు. పడమటి పాక కూలెను. "ఐదు చేశానే, ఒక్కటీ పనికిరాదా?" అని ఆమె విలపించెను.

రెండవమారు వారమునకు ఒకటిగా మొదలుపెట్టెను. మొదటి వారము గడపకు ముందుగా వచ్చినది తట్టలమ్ముకొను మేదరి స్త్రీ. ఇంతకంటె గొప్పవారు వెనుక వత్తురేమో యని నైవేద్యమును దాచెను. ఎవరును రాలేదు. సాయంకాలమునకు చీమలు పట్టెను, గేదె వట్టిపోయెను. దాచుట మంచిది గదా, దోషమెట్లాయెనని ఆమె మరల తెలియక తిరిగెను.

మూడవమారు ఆమెకు ఆలోచించు ఓపిక లేకుండెను. ఎవరో దయతో పోసిన చెంబెడు పాలు ముందుంచుకొని, "ఇవాళ ఇవి ఉన్నాయి తల్లీ, నువ్వు ఉన్నావు" అని మాత్రము అని, మొదట వచ్చినవారికి సగము పెట్టెను. అట్లు నాలుగు వారములు గడచెను. ఐదవ గురువారము ఉదయమున చూడగా, ఎవరును తోడు వేయకయే ముంత అడుగున చెంచాడు పెరుగు పేరుకొనియుండెను. దాచుటకు చేయి చాచి ఆమె ఆగిపోయెను. అటువంటి ముంత అడుగు ఆమె మున్ను ఎక్కడనో చూచినది. ఎక్కడనో తెలిసినంతనే కూలబడి ఏడ్చెను. పూజచేసి, గడపకు వచ్చినవారికి సగము పెట్టి, పెరుగు గిన్నెతో సూరాలున్న ఊరికి పడవ ఎక్కెను.

ఈ వ్రతమును రేపటి దిగులుతో నిద్రపట్టనివారు, కోతకు ముందే కరవును తలచుకొనువారు, ఉండియు లేదని చెప్పినవారు చేయవలెను. చేసినవారి ఇంట పాలు తోడుకొనును, పాడి నిలుచును, తిన్న అన్నము రుచించును. మాణిక్యాంబయు అట్లే బాగుపడెను.

ఇంతలో హరితాక్షుడు, "మహర్షీ, ఆమె బాగుపడిన సంగతి వింటిని. అన్యాయము జరిగినది సూరాలికి గదా, ఆమెకేమి ముట్టెను? అది వినక అక్షతలు విడువను" అనెను. సత్యధృతి చెప్పెను.

పొద్దు గుంకినది. సూరాలి గుడిసెలో దీపము వెలుగుచుండెను. మాణిక్యాంబ గడప ఇవతల నిలిచి, "సూరాలమ్మా, ఆ రోజు నువ్వు రావడం చూశాకే దీపం వెలిగించాను" అనెను.

"తెలుసమ్మా. వత్తి నులిమిన నూనె అప్పటికి నీ వేళ్లకి ఇంకా ఆరలేదు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే పాలు తోడుకునేవా?"

మాణిక్యాంబ గిన్నె చాపెను. సూరాలు తొంగిచూచి, "నీ ఇంట్లో ఇంకా ఉందా?" అని అడిగెను. మాణిక్యాంబ లేదనెను. "మరి రేపటికి?"

"ఆ మాట ఇవాళ అనకూడదు."

సూరాలు మొదటిసారి నవ్వెను. ఎదిగిన పైడి గోరువెచ్చని పాలు తెచ్చి ముందుంచెను. మాణిక్యాంబ తన చేతితో చెంచాడును అందులో వేసి, గిన్నెకంటినది కూడ వేలితో తీసి వేసెను. సూరాలు గిన్నె కడిగి ఆమె చేతిలో పెట్టి యిట్లనెను:

"ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదంటారు. ఇవాళ ఖాళీగానే పట్టుకెళ్లు. మన మధ్య ఇంకేమీ మిగల్లేదని నీకూ నాకూ తెలియాలి."

మాణిక్యాంబ ఖాళీగిన్నెతో ఏరు దాటెను. తెల్లవారుసరికి సూరాలి ఇంట పాలు గట్టిగా తోడుకొనెను. చెంచాడు తోడు బాకీ సంపూర్ణముగా తీరెను.