గుమ్మం ముందు జిల్లేడు

అనగనగా ఒక అడవిలో, మనుషులు వదిలేసి వెళ్లిపోయిన గూడెం ఒకటి ఉండేది. అక్కడ కూలిన గోడ కింద గరికమ్మ అనే కుందేలు ముగ్గురు పిల్లలతో కాపురముండేది. బొరియ గుమ్మం ముందే పెద్ద జిల్లేడు మొక్క. ఎవరూ నీళ్లు పోయకపోయినా ఏటా చిగురించేది, పూసేది.

మిట్టమధ్యాహ్నం ఆ గూడెంలో అలికిడి ఉండదు. అప్పుడే జిల్లేడు కాయలు పగిలేవి. తెల్లటివేవో లోపలి నుంచి లేచి, తలుపుల్లేని ఇళ్లలోకి తేలుతూ పోయేవి. అవి దూదిపింజలని మీకూ నాకూ తెలుసు. గరికమ్మకు మాత్రం ఒళ్లు జలదరించేది.

ఒకరోజు అడవిపంది అటుగా వచ్చింది.

"గుమ్మం ముందు జిల్లేడేంటి చెల్లమ్మా? మనుషులు ఎవరినైనా శపించాలంటే 'నీ కొంపలో జిల్లేళ్లు మొలవ' అంటారు. ఈ ఇళ్లు చూడు. జిల్లేళ్లు మొలిచాయి, మనుషులు పోయారు" అంది.

గరికమ్మ పిల్లల వంక చూసుకుంది. "విరిచెయ్యి అన్నా" అంది.

మనుషులు ముందు పోయారా, జిల్లేడు ముందు మొలిచిందా అని ఆ పిచ్చితల్లి ఆలోచించలేదు. పంది మొక్కను మొదలంటా విరిచేసింది. వేరు లోతుగా ఉండటంతో బద్ధకించి వదిలేసింది. విరిగినచోట తెల్లటి పాలు చాలాసేపు కారాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. నల్ల తుమ్మెద.

"పువ్వేదమ్మా?" అని అడిగింది. గరికమ్మ విరిగిన మొదలు వంక చూసింది.

తర్వాత నారింజరంగు సీతాకోకచిలుక వచ్చింది.

"ఆకుల కింద నా పిల్లలున్నారు. ఆకులేవమ్మా?" అని అడిగింది. గరికమ్మ తల దించుకుంది.

ఆ తర్వాత తేనెపిట్ట వచ్చింది. ఆ పూలలో తేనె తాగి, ఆ దూదితో గూడు కట్టుకునేది అది. పాము కనబడితే ముందు కేకపెట్టేది కూడా అదే. ఆ కేక వినగానే కుందేలు పిల్లలు లోపలికి దూరేవి.

"పువ్వు లేని చోట నాకేం పని?" అని ఎగిరిపోయింది.

ఇక ఎవరూ రాలేదు. ఝుమ్మనే చప్పుడు లేదు, కిచకిచలు లేవు. తన ఊపిరి తనకే వినబడుతుంటే గరికమ్మకు భయం వేసింది.

ఆమె మేతకు వెళ్లిన ఒక మధ్యాహ్నం గుమ్మం దగ్గరికి ఇంకొకరు వచ్చారు. ఆ వచ్చినవాడు ఏమీ అడగలేదు.

తిరిగొచ్చేసరికి గుమ్మం దుమ్ములో పొడుగాటి వంకర చార ఉంది. గరికమ్మ పిల్లల్ని పిలిచింది. చీకటి మూల నుంచి చిన్నది ఒక్కతే పాక్కుంటూ వచ్చింది.

"అక్కలు ఏరే?" అని అడిగింది గరికమ్మ.

"పిట్ట అరవలేదమ్మా. అందుకే బయటే ఆడుకున్నాం" అంది చిన్నది.

గరికమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది.

వానలు పడ్డాయి. విరిగిన మొదలు నుంచి చిగురు లేచింది. పంది మళ్లీ వచ్చింది.

"ఇంకా చావలేదా ఇది? ఈసారి వేళ్లతో పెకిలిస్తాను" అంది.

గరికమ్మ చిగురుకు అడ్డంగా నిలబడింది.

"జిల్లేడు మొలిచి నా ఇల్లు పాడవలేదన్నా. జిల్లేడు విరిపించి నేనే పాడుచేసుకున్నాను" అంది. పంది వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మొక్క పెరిగి పూసింది. తుమ్మెద వచ్చింది, సీతాకోకచిలుక వచ్చింది. ఒక మిట్టమధ్యాహ్నం, ఎవరూ లేరనుకున్న కొమ్మ మీద నుంచి తేనెపిట్ట కేకపెట్టింది. చిన్నది చటుక్కున లోపలికి దూరి, తల్లి పొట్టకు అంటుకుపోయింది. బయట దుమ్ములో ఏదో మెల్లగా జరజరమని పాకుతూ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

నీతి: ఎవరో భయపెట్టారని పచ్చని మొక్కను విరిచేముందు, దాన్ని నమ్ముకుని ఎవరెవరు బతుకుతున్నారో చూడాలి. వాళ్లలో మనమూ ఉండొచ్చు.