సింగారి మొహం తిప్పుకున్న రోజు

హిమజ చేసిన మరబొమ్మ పేరు సింగారి. ఎదుటికి ఎవరొచ్చినా కంటిలోని కెమెరాతో వాళ్ళ ముఖం చదువుతుంది. ఎవరిని చూసినా నవ్వుతుంది, వాళ్ళు దిగులుగా ఉంటే చెయ్యి చాపుతుంది. ఎవరినీ పలకరించకుండా వదలదు. హిమజకు అదే గర్వం.

ఆ గర్వానికి గుంటూరు ప్రదర్శనలో దెబ్బ తగిలింది. ఆ హాలు ఒకప్పుడు పొగాకు గోదాము. వాన పడితే ఇప్పటికీ గోడలు ఘాటెక్కి మనిషిని తుమ్మించి చంపుతాయి. సరే, అది వేరే సంగతి. జనం వచ్చేవాళ్ళు, సింగారి నవ్వగానే ఫోటో తీసుకుని పక్క గదిలోకి పోయేవాళ్ళు. అర నిమిషం నిలబడినవాళ్ళు లేరు. ఇలాగే ఉంటే ఎల్లుండి బొమ్మను మెట్ల కిందికి మార్చేస్తామని నిర్వాహకుడు చెప్పేశాడు.

హిమజ తనకు తోలుబొమ్మలాట నేర్పిన కుళ్ళాయప్పకు కబురు పెట్టింది. అనంతపురం వైపునుంచి రెండు బస్సులు మారి వచ్చాడాయన. సింగారి ఆయన్ని చూసి నవ్వింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వింది. కండువా దులుపుకున్నాడు. మళ్ళీ నవ్వింది.

"ఏమి పాపా, దీనికి వేరే పని లేదా?" అన్నాడు.

హిమజ ముఖం ఎర్రబడింది. మూడేళ్ళు కష్టపడ్డానని, ఇరవై ఏడు రకాల ముఖకవళికలు అది గుర్తుపడుతుందని, ఇలాంటిది ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చేయలేదని గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆయన అంతా విన్నాడు. సింగారి కూర్చున్న పీటను రెండు చేతులా పట్టి గోడవైపు తిప్పేశాడు. వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

ఎదురుగా ముఖమేదీ లేకపోయేసరికి సింగారి మెడ వంచుకుని ఊరకే ఉండిపోయింది.

ముందుగా ఒక కాలేజీ పిల్ల ఆగింది. దీనికేమైందని అడిగింది. దాన్నే అడగమన్నట్టు కుళ్ళాయప్ప చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఒక పెద్దావిడ వచ్చి వెనకనుంచే బొమ్మ భుజం నిమిరింది.

"ఎవరేమన్నారే నిన్ను? మా ఇంట్లోనూ ఇంతే, ఎప్పుడూ నేనే ముందు మాట్లాడాలి," అంది.

మధ్యాహ్నానికి గది నిండిపోయింది. ఒకాయన సింగారికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. నిర్వాహకుడు లోపలికి రావడానికి జనాన్ని దారి అడుక్కోవలసి వచ్చింది.

హిమజ మెల్లగా వచ్చి గురువు పక్కన కూర్చుంది. "ఇన్నేళ్ళలో నేను దీనికి ఏం పెట్టడం మరిచిపోయాను గురువుగారూ?"

ఆయన బొమ్మవైపే చూస్తున్నాడు.

"అన్నీ పెట్టావు పాపా. రోషం ఒక్కటి నీ దగ్గరే ఉంచేసుకున్నావు."