గున్నయ్య నీళ్లు పోసిన బదనిక

అనగనగా ఒక కొండ అడవిలో గున్నయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. వాడెవడో కాదు పిల్లలూ, నేనే.

నా సంగతి మీకు తెలుసు కదా! ఒక్క అరుపుతో పన్నెండు పులుల్ని ఏరు దాటించినవాణ్ణి. వడగళ్ల వానను వీపు మీద ఆపి, పొట్ట కింద ముప్ఫై కుందేళ్లను దాచినవాణ్ణి. ఆ కథలన్నీ ఛాతీ విరుచుకుని చెబుతాను. ఈ ఒక్క కథ మాత్రం తల వంచుకుని చెప్పాలి. కాస్త దగ్గరికి జరగండి. గట్టిగా చెప్పలేను.

నా గుహ పక్కన ఒక మద్దిచెట్టు. దాని మీద కొమ్మాలు అనే బెట్టుడుత కాపురం. పిల్లి అంత ఉండే పెద్ద ఉడుత. ఆమె గూటి పక్క కొమ్మను పట్టుకుని ఒక బదనిక మొక్క బతికేది. పట్నంలో దాన్ని ఆర్కిడ్ అంటారట. ఊదారంగు పూలు పూస్తుంది. కొమ్మాలుకు అది వాళ్ల అమ్మ ఇచ్చింది. అమ్మకు వాళ్ల అమ్మ ఇచ్చింది.

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున, అమ్మమ్మ ఇంటి బదనిక పువ్వును బిడ్డ నుదుటికి ఆనించి, చెవిలో పేరు చెబుతారు. ఆ పువ్వు లేనిదే పేరు లేదు.

ఒకరోజు కొమ్మాలు నా గుహకు వచ్చింది.

"అన్నా, మా అమ్మాయికి నెలలు నిండాయి. పురుడు పోయడానికి ఏటి అవతలికి వెళ్తున్నాను. బిడ్డ పుట్టాక పేరు పెట్టే రోజుకు అందరం ఇక్కడికే వచ్చేస్తాం. మొక్క మొగ్గ తొడిగింది. అప్పటిదాకా చూస్తుంటావా?"

"మొక్కను చూడడమా! చెల్లెమ్మా, మాడిపోయిన అడవిని ఒంటిచేత్తో చిగురింపజేసిన చెయ్యి ఇది!" అన్నాను.

"అది కాదన్నా. దీనికి నీళ్లు..."

"నీళ్లా! ఏటిని తెచ్చి దీని కాళ్ల దగ్గర పెడతాను."

"వేర్లు చూసి పొయ్యాలన్నా. అవి..."

"నువ్వు నిశ్చింతగా వెళ్లిరా తల్లీ!"

ఆమె రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ నేనే ఆపాను. నిజం చెప్పనా? బదనికను నేను అంతకుముందు ముట్టుకోనైనా లేదు. తెలియదంటే నా పరువు ఏమవుతుంది?

ఆమె వెళ్లగానే చెట్టెక్కి చూశాను. వేర్లు గాలిలో వేలాడుతున్నాయి. తెల్లగా, వెండి తీగల్లా ఉన్నాయి. పిడికెడు మట్టి కూడా లేదు! 'అయ్యో, పస్తులుంటోంది పాపం' అనుకున్నాను. మొక్కను కొమ్మ నుంచి ఊడబీకాను. గంపలో ఏటి బురద నింపి, వేర్లన్నీ లోపలికి కూరాను. పొద్దున ఒక దోసిలి, మధ్యాహ్నం ఒక దోసిలి, సాయంత్రం ఒక దోసిలి నీళ్లు. నా దోసిలి ఎంతో మీకు తెలుసుగా!

వారం గడిచింది. గంపలోంచి చీమలు గుడ్లు మోసుకుంటూ బయటికి వచ్చాయి.

"ఎక్కడికర్రా?" అన్నాను.

"లోపల ఊపిరాడట్లేదు మామా. మేం పోతున్నాం" అంది ముందు నడిచే చీమ.

"మీకు మెత్తటి ఇల్లు పనికిరాదు, పొండి" అన్నాను.

ఇంకొన్ని రోజులకు ఒక కప్ప వచ్చి గంపలో దిగింది.

"మామా, భలే చెరువు తవ్వావు! మా వాళ్లను కూడా పిలుచుకోనా?"

పిలుచుకోమన్నాను. దాన్ని మెప్పు అనుకున్నాను, చూడండి!

ఆ తర్వాత లింగడనే కొండముచ్చు వచ్చాడు. ఆకులు అప్పటికే పసుపుపచ్చగా మారాయి.

"మామా, ఇది ఎప్పుడూ కొమ్మ మీదే కదా ఉండేది. మట్టిలో ఎందుకు పాతావు? కొమ్మాలత్త చెప్పిందా?"

ఆ మాట సూటిగా వచ్చి గుండెకు తగిలింది. సరిగ్గా తగిలింది కాబట్టే కోపం వచ్చింది.

"తోక మోయడమే చేతకాదు, నువ్వు నాకు నేర్పుతావా!" అని అందరూ వినేలా అరిచాను. వాడు బిక్కచచ్చిపోయి వెళ్లిపోయాడు. నేను ఇంకో దోసిలి నీళ్లు పోశాను.

మర్నాటికి మొగ్గలు రాలిపోయాయి. వేలు పెట్టి చూస్తే వేర్లు నల్లగా, మెత్తగా చితికాయి. కుళ్లు వాసన వచ్చింది.

పేరు పెట్టే రోజుకు ఇంకా రెండు రోజులే ఉంది. ఎదురెళ్లి నిజం చెప్పొచ్చు. ఏరు ఎంతో దూరం కూడా కాదు. నేను వెళ్లలేదు. ఊదారంగు అడవి గోరింట పూలు కోసుకొచ్చాను. తేనెపట్టు మైనంతో వాటిని ఆ చచ్చిన కాడకు అతికించాను.

అడవి అంతా వచ్చింది. కొమ్మాలు కూతురు తన బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"చూశావా చెల్లెమ్మా, ఎలా పూయించానో!" అన్నాను.

కొమ్మాలు గంప వైపు చూసింది. ఈలోగా ఎండ ఎక్కింది. మైనం కరిగింది. ఒక పువ్వు జారింది. రెండోది జారింది. మూడోది బిడ్డ పక్కనే పడింది. దానికి అంటిన తేనె వాసనకు తేనెటీగలు జుమ్మని ముసిరాయి. "అమ్మో, నా బిడ్డ!" అంటూ ఆ తల్లి బిడ్డను పొట్టకు హత్తుకుని పరుగెత్తింది. వచ్చినవాళ్లు తలోదిక్కూ పారిపోయారు.

కొమ్మాలు ఒక్కతే మిగిలింది. గంపలో చెయ్యి పెట్టి, బురద తీసి వాసన చూసింది.

"రోజుకు ఎన్నిసార్లు పోశావన్నా?"

"మూడుసార్లు."

"నాకు తెలియదని ఒక్క మాట అనుంటే, చెప్పి వెళ్లేదాన్ని కదా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

పన్నెండు పులులు ఒక్కసారి మీద పడ్డా నేనంత చిన్నవాణ్ణి అయ్యేవాణ్ణి కాదు. పన్నెండు కాదులెండి. ఒకటే. అదీ ముసలిది. దాని దారిన అది పోయింది.

ఆ రోజు బిడ్డకు పేరు పెట్టలేదు.

కొమ్మాలు కుళ్లిన వేర్లన్నీ పంటితో కొరికి తీసేసింది. చివరికి బొటనవేలంత పిలక ఒకటి, ఒక్క వేరుతో బతికి కనిపించింది. దాన్ని నా చేతిలోనే పెట్టింది.

"నాకా!"

"నీకే. ఈసారి చెబితే వింటావా?"

విన్నాను. దాన్ని గరుకు బెరడుకు నారతో కట్టాలి. నేరుగా ఎండ తగలకూడదు, గాలి ఆడాలి. వేరు తెల్లబడితే దాహం. పచ్చగా ఉంటే తాగిందని అర్థం, ఇక ముట్టుకోకూడదు. పొద్దున తడిపితే సాయంత్రానికి ఆరిపోవాలి. అంతే. ఆ నాలుగు మాటలే ఆ రోజు నేను విననివి.

ముందు లింగడి దగ్గరికి వెళ్లాను. "నువ్వు చెప్పిందే నిజంరా. అందరిముందూ నిన్ను తిట్టాను" అన్నాను. వాడు కాసేపు తోక గోక్కుని, "పద మామా, కొమ్మ నేను చూపిస్తా" అన్నాడు.

మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఆ పిల్లను అందరూ "ఓయ్" అనే పిలిచారు. "ఓయ్, గింజలు తీసుకో." "ఓయ్, చీకటి పడింది, గూటికి రా." ఆ పిలుపు వినపడినప్పుడల్లా నా తల కిందికి దిగేది. రోజూ పొద్దున్నే వేరు చూసేవాణ్ణి. చాలా రోజులు చూడడమే నా పని. నీళ్లు పోయకుండా ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి!

నాలుగో ఏడు ఊదాపువ్వు ఒకటి విచ్చుకుంది. ఒక్కటే. కొమ్మాలు దాన్ని కోసి నా అరచేతిలో పెట్టింది.

"పెంచినవాడివి నువ్వు. పేరు కూడా నువ్వే పెట్టన్నా."

నా నాలుక మీద బ్రహ్మాండమైన పేర్లు పది సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మింగేశాను. మోకాళ్ల మీద కూర్చుని, "నీకు ఏ పేరు కావాలి తల్లీ? నాకు తెలియదు" అన్నాను.

"అమ్మయ్య! ఒకరైనా అడిగారు" అని ఆ పిల్ల నా చెవిలో ఒక పేరు చెప్పింది. పువ్వును దాని నుదుటికి ఆనించి, అదే పేరు దాని చెవిలో చెప్పాను.

ఏం పేరని నన్ను అడగకండి. అదిగో, ఆ కొమ్మ మీదే ఉంది. వెళ్లి దాన్నే అడగండి.

నీతి: తెలియనిది అడగడానికి పడే సిగ్గు ఒక్క నిమిషమే, అడగకుండా చెడగొట్టాక పడే సిగ్గు ఏళ్ల తరబడి ఉంటుంది.