మూడు కోతలు ఆగిన మిడతలు

ఒట్టు, ఈ కథ నువ్వు నమ్మవు. మీ తాతే నమ్మలేదు. ఆయనకేం తెలుసు గనక? ఇటు తిరుగు, చెప్తా.

అనగనగా, సముద్రానికి అవతల, యూదుల దేశంలో ఒక కొండూరు. ఆ ఊళ్ళో షెలెమ్యా అనే రైతు. ఎంత పీనాసంటే, చీమ నోట్లో గింజ కనబడితే పుట్టదాకా తరిమేవాడు. పుట్టలో చెయ్యి పెట్టి ఆ గింజ లాక్కొచ్చేవాడు. నవ్వకు, నిజం!

ఆ దేశంలో దేవుడు అందరికీ ఒక మాట చెప్పాడు. చేను మూలలు కొయ్యొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, అవి లేనోళ్ళవి అని. షెలెమ్యా మూలలూ కోసేవాడు, పరిగే ఏరేసేవాడు. మొగుడు పోయిన మిల్కా, ముగ్గురు ఆడపిల్లల తల్లి, గట్టు మీద ఖాళీ బుట్టతో నిలబడేది. ఖాళీ బుట్టతోనే ఇంటికెళ్ళేది.

అప్పుడు దేవుడికి కోపమొచ్చింది. మిడతల్ని పిలిచాడు. ఆకాశం చాలక సగం మిడతలు పక్క దేశం మీద నిలబడ్డాయి!

"దిగమంటావా తండ్రీ?" అంది పెద్ద మిడత.

"ఆగు. వాడికి చెప్పి చూస్తా."

దేవుడి మాట మోసుకుని ఒక ముసలి ప్రవక్త వచ్చాడు. "షెలెమ్యా, మూలలు వదులు. అదిగో మిడతలు."

షెలెమ్యా పైకి చూశాడు. "మబ్బేలే తాతా! చల్లగా కోసుకుంటా." చేనంతా కోసేశాడు.

ఆ తర్వాత రెండో కోతలొచ్చాయి. "దిగమంటావా?" "ఆగవే." ఈసారి షెలెమ్యాకి భయమేసింది. తప్పు ఒప్పుకునేవాళ్ళు ఆ దేశంలో చేసినట్టే గోనె కట్టుకుని, నెత్తిన బూడిద పోసుకుని, మూడూళ్ళకి వినబడేట్టు ఏడ్చాడు.

"గోనె కట్టావు సరే, అందులో గోధుమలేం చేశావు?" అన్నాడు ప్రవక్త.

"గాదెలో పోశా."

"మిల్కాకి దోసెడైనా?"

"ఇంత ఏడ్చాగా తాతా, చాలదా?"

మూడో కోతలకి మిడతలు తల తగిలేంత కిందికొచ్చాయి. కూలోళ్ళు పారిపోయారు. గాదెలో గింజలన్నీ డబ్బాశకి ముందే అమ్ముకున్నాడు, ఈ పంట పోతే షెలెమ్యా పిల్లలకి తిండి లేదు. ఒక్కడే కోస్తున్నాడు.

అప్పుడు మిల్కా గట్టు దిగింది. "అన్నా, ఇంకో కొడవలుందా? ఇద్దరం కోస్తే కొంతైనా దక్కుద్ది."

"నీకేం ఇస్తానని?"

"ఏం వద్దు. ఆకలి ఎట్టా ఉంటదో నాకు తెలుసు. నీ పిల్లలకి అది వద్దు."

షెలెమ్యా చేతిలో కొడవలి జారిపోయింది. ఈసారి గోనె లేదు, బూడిద లేదు. "తప్పయిపోయింది తల్లీ. ఆ నాలుగు మూలలూ నీవే. ఎప్పుడూ నీవే. దొంగని నేనే. పోయి పిల్లల్ని పిలుచుకురా."

"మూడు కోతలు ఆకలితో ఆగాం తండ్రీ!" అంది పెద్ద మిడత.

"నేనూ ఆగాను కదే," అన్నాడు దేవుడు. హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. ఆ గాలికే మిడతలన్నీ ఎడారి అవతలికి కొట్టుకుపోయాయి. చేను మీద ఎండ పడింది. మిల్కా పిల్లలు కొత్త గోధుమలు వేయించుకుని, నోరు కాలుతున్నా ఊదుకోకుండా తిన్నారు.

కథేమో కంచికి, నిద్రేమో కంటికి!

ఏంటా చూపు? అబద్ధమా? మిడత కాలెప్పుడైనా చూశావా? దిగుదాం, దిగుదాం అని మూడు కోతలు అట్టా కూర్చుని కూర్చుని వంగిపోయింది. పొద్దున్నే పో, కాళ్ళు తిన్నగా చాపుకుని కూర్చున్న మిడతనొక్కదాన్ని పట్టుకురా. అప్పుడను మీ అమ్మమ్మ కోతలరాణని!