ఏరని మేత

"గలగల గిలకకాయా, గడ్డిలోన దాగినావా
పచ్చగున్న నాడు నిన్ను పసిపాపైనా పోల్చునే
ఎండిపోయిన నాడు నిన్ను..."

అక్కడికి వచ్చేసరికి పోలవ్వకు పాట ఆగిపోయేది. చిన్నతనంలో అమ్మ పక్కన కూర్చుని గడ్డి ఏరుతూ నేర్చిన పాట. ఆ చివరి ముక్క ఎక్కడ జారిపోయిందో ఏమో, ఎంత తడుముకున్నా దొరికేది కాదు.

ఒకానొక రాజ్యంలో అని చెప్పుకుంటామే, కుందవరం అలాంటి రాజ్యం. అక్కడి రాజుగారి గుర్రాల సావిడిలో మేత చూసే మనిషి పోలవ్వ. రాజు ఉద్దండరాయలు చెడ్డవాడేమీ కాడు. కాకపోతే తనకు తెలియనిది కూడా లోకంలో ఉంటుందంటే ఒప్పుకునేవాడు కాడు.

ఆ సావిడిలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎండుగడ్డి మోపు వచ్చిందంటే ముందు ఆడవాళ్లు విప్పి, చాపల మీద దులిపి, పరకా పరకా చూసి కలుపు ఏరేవాళ్లు. గిలిగిచ్చ అని ఒక మొక్క ఉంది. దాని కాయ ఎండితే పిల్లల గిలకలా గలగలమంటుంది. గుర్రానికి అది విషం. పచ్చిగా ఉన్నప్పుడు గుర్రమే మూతి తిప్పుకుంటుంది. గడ్డితోపాటు ఎండి, కాయ కూడా రాలిపోయిందంటే ఇక అది గడ్డిలో గడ్డి.

ఒకనాడు రాయలు సావిడికి వచ్చి, ఏరుతున్న ఆడవాళ్లను చూసి కనుబొమలు ముడిచాడు.

"ఏమిటీ పని?"

"కలుపు ఏరుతున్నాం దొరా. విషపు మొక్కలుంటాయి" అంది పోలవ్వ.

"జాతిగుర్రం విషాన్ని ముట్టదు, ముసలీ! మంచీ చెడూ దాని నాలుకకే తెలుస్తుంది. నా గుర్రాలకు ఏరిపెట్టడమంటే వాటి పుట్టుకను అవమానించడమే. ఇకమీదట మేత ఏరినవాళ్లకు శిక్ష!"

"దొరా, గుర్రం నోరులేనిది..."

"నోరు మూసుకో! నోరున్నదానివి నువ్వెంత తెలిసినదానివో కనపడుతూనే ఉంది."

దండోరా వేశారు. చాపలు చుట్టేశారు. మోపులు విప్పినవి విప్పినట్టే గుర్రాల ముందు పడ్డాయి.

కొన్నాళ్లకు రాజుగారి ముద్దుల గుర్రం, చంద్రిక అనే తెల్లటి ఆడగుర్రం, అదేపనిగా ఆవులించడం మొదలుపెట్టింది. తరవాత మేత మానేసింది. నుదురు గోడకు ఆనించి అలాగే నిలబడిపోయింది, పాపం, తలనొప్పి వచ్చిన ఆడపిల్లలా.

రాయలు పరుగున వచ్చి దాని మెడ కౌగిలించుకున్నాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంతలోనే ఆ కళ్లు ఎర్రబడ్డాయి.

"విషం! ఎవరో పనిగట్టుకుని పెట్టారు! మేత వేసిందెవరు?"

వేసింది మంగి, పోలవ్వ ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లను తీసుకుపోయి చెరలో వేశారు. రాజుగారి పుట్టినరోజు విందు కాగానే కొరడా దెబ్బలు, ఆపైన దేశం వెలివేత.

ఇదేం న్యాయమమ్మా! ఏరుతామంటే వద్దన్నదెవరు? దెబ్బలు తినేదెవరు?

పోలవ్వ ఏడవలేదు. కోపంతో తిన్నగా కొమ్మన ఇంటికి పోయింది. కొమ్మన రాజుగారి కొలువులో చమత్కారి. ఆయన మాటంటే రాయలకు సరదా.

"సామీ, మీ రాజుగారు కళ్లుండే ఆ మాటన్నాడా? పొయ్యిలో నీళ్లు పోసి, అన్నం ఉడకలేదని ఎసరును కొడతాడా? రండి, తప్పు తమదేనని ఆయన మొహం మీదే అందాం!"

"అంటే వింటాడా, పోలవ్వా? నిన్నూ నన్నూ కూడా మంగి పక్కన కూర్చోబెడతాడు. ఆ మాట ఆయనే అనాలి."

"ఆయనెందుకంటాడు?"

"నమిలితే అంటాడు. రేపు విందుకు వచ్చి స్తంభం చాటున నిలబడు."

మర్నాడు విందు. బంగారు పళ్లెంలో తెల్లటి అన్నం, తోటకూర వేపుడు, పప్పు. రాయలు పెద్ద ముద్ద కలిపి నోట పెట్టుకున్నాడు.

కటుక్కుమంది.

రాయలు దవడ పట్టుకున్నాడు. రెండో ముద్దలో మట్టిబెడ్డ. తోటకూర నోట పెడితే వేరుకు వేరు, ఇసుకకు ఇసుక, మధ్యలో బారెడు గరిక.

"ఎవడురా వండింది? లాక్కురండి!"

వంటవాడు చిట్టెన్న చేతులు జోడిస్తూ వచ్చాడు. "ఏలినవారు మన్నించాలి. బియ్యంలో రాళ్లు ఏరబోతే కొమ్మనగారు చేట లాగేసుకున్నారు. కూర కడగనివ్వలేదు."

"కొమ్మనా!"

కొమ్మన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, జాతిగుర్రానికి మేత ఏరిపెడితే దాని పుట్టుకకే అవమానమని తమరు సెలవిచ్చారు. గుర్రానికే అంత పౌరుషముంటే రాజవంశానికి ఎంతుండాలి? తమకు ఏరిన అన్నం పెట్టి, ఆ పాపం మూటగట్టుకోమంటారా?"

"ఓరి తెలివితక్కువవాడా! అన్నంలో కలిసిపోయిన రాయి నాలుకకేం తెలుస్తుంది? కొరికాక కదా తెలిసేది! ఏరవలసింది వండేవాడు గానీ తినేవాడా?"

స్తంభం చాటునుంచి పోలవ్వ తల బయటపెట్టింది.

"ఈ మాటే చంద్రిక అనాలనుకుంది ప్రభూ" అన్నాడు కొమ్మన మెల్లగా. "నోరు లేక, నుదురు గోడకు ఆనించింది."

రాయలు చేతిలోని ముద్ద పళ్లెంలో వదిలేశాడు.

"ఇంకొక్క సందేహం. జాతిగుర్రం విషం ముట్టదన్న తమ మాట నిజమైతే, చంద్రిక విషం తిననే లేదు, మంగి తప్పూ లేదు. విషం తిన్నదంటారా, తమ మాట ప్రకారం చంద్రిక గాడిద. ఏది దండోరా వేయించమంటారు?"

రాయలు పళ్లెం వంక చూశాడు. గరికను వేళ్లతో పట్టి పైకెత్తాడు. దవడ నొప్పి పుడుతున్నా నవ్వు ఆగింది కాదు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గాడిద ఎవరో తెలిసింది లేవయ్యా! దానికి దండోరా వద్దు. మంగిని విడిపించండి. చాపలు పరిపించండి."

మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు. కొమ్మన దాన్ని చేత్తో తడుముతూ, "ఇవి ఏరిన ముత్యాలే కదా ప్రభూ?" అన్నాడు. సభ అంతా గొల్లున నవ్వింది.

పోలవ్వ మాత్రం నవ్వలేదు. స్తంభం చాటునుంచి వచ్చి, చెర విడిపించి తెచ్చిన కూతురు చేయి పట్టుకుని, రాజుగారి వంక ఒక్క చూపు చూసి పోయింది. ఆ చూపు రాయలకు రాయికంటే గట్టిగా తగిలింది.

ఏరిన మేత తిని చంద్రిక నెమ్మదిగా కోలుకుంది. ఒక పొద్దున అది మేత నములుతుంటే, పోలవ్వ చాప మీద కూర్చుని పాట అందుకుంది. "ఎండిపోయిన నాడు నిన్ను..." అని, ఎప్పటిలాగే ఆగింది.

చాప మీద నీడ పడింది. రాయలు ఒక్కడే వచ్చాడు. పట్టుపంచె ఎగగట్టి ఆమె ఎదురుగా చతికిలబడి, మోపులోంచి ఒక ఎండుపరక లాగాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, వాసన చూశాడు. పోలవ్వ పెదవుల మీద అప్పటికి నవ్వు పొడచూపింది.

"నవ్వితే నవ్వావు గానీ, చెప్పవ్వా" అన్నాడు రాయలు. "ఇది గడ్డా, గిలిగిచ్చా?"