ఇసుకలో కనిపించిన ద్వేషి

నాగబుద్ధికి ఒక పెద్ద కష్టం వచ్చిపడింది. సముద్రం పక్కన కొండమీది విహారంలో, మనిషి స్వభావం గురించి ప్రతి భిక్షువూ ఒక మాట చెప్పేవాడు. అందరి మాటా ఎవరో ఒకరు ఒప్పుకునేవారు. అతని మాట మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఒంట్లో వాతపిత్తకఫాల పాళ్ళే గుణమని ఒకాయన. పోయిన జన్మనుంచి మూటగట్టుకొచ్చిందని ఇంకొకాయన. తల్లి ఒళ్ళో ఉండగా పడ్డ ముద్ర, చచ్చేదాకా చెరగదని మరొకాయన. వాళ్ళ వాదాల హోరుకి కింద సముద్రమే సిగ్గుపడి గొంతు తగ్గించుకునేది.

నాగబుద్ధి లెక్క వేరు. స్వభావాలు ఆరు, ఆరూ అడుగులోనే ఉంటాయి. కోరికలు నిండిన రాగికి పాదం నడుమ నేలకి ఆనదు. మతి మబ్బుపట్టిన మోహికి మడమ దిగబడుతుంది. ద్వేషి కాలు ఈడుస్తాడు.

"ముఖం నటిస్తుంది. పాదానికి ఆ విద్య రాదు," అనేవాడు. చీమ నడిచిన జాడ చూపిస్తే దాని అత్తగారి గుణం కూడా చెప్పేసేవాడు. తను మాత్రం బుద్ధిమంతుల నడక సాధన చేసి, కొంగ సైతం కుళ్ళుకునేలా కాలు ఎత్తెత్తి వేసేవాడు.

గురువు ధమ్మనంది విని ఊరుకున్నారు. అతను బతిమాలగా బతిమాలగా వాకిలి కాపలా అతనికే అప్పజెప్పారు.

నాగబుద్ధి వాకిలి నిండా మెత్తటి ఇసుక పరిపించాడు. ఎవరైనా వస్తే గోడవైపు తిరిగి కూర్చునేవాడు, ముఖం చూస్తే మోసపోతానని. వచ్చినవాడు ఇసుక దాటి చావడిలోకి వెళ్ళాక లేచి అడుగులు చదివేవాడు. శ్రద్ధ ఉన్నవాడైతే వెంటనే లోపలికి. ద్వేషి అయితే పొద్దువాలేదాకా చావడిలోనే చల్లబడాలి.

నిప్పులు కురిసే ఎండాకాలం ఒకపూట, వెనకనుంచి ఆయాసపడుతూ ఒక గొంతు వినబడింది.

"సామీ! వైద్యం చేసే సామి ఎక్కడ? బేగి పిలు!"

"ఇసుక మీదుగా చావడిలోకి వెళ్ళు నాయనా."

"చావడి ఎందుకయ్యా! ఇటు తిరిగి చూడు ఒక్కసారి!"

నాగబుద్ధి తిరగలేదు. అడుగుల చప్పుడు చావడిలోకి పోయాక లేచి చూశాడు. ఇసుకలో అడుగులెక్కడివి, నాగలి దున్నినట్టు రెండు చాళ్ళు! నీళ్ళు పెడితే వరి నాటుకోవచ్చు. ఇంత అచ్చమైన ద్వేషి జన్మకొకడు దొరికితే గొప్ప. సంబరపడిపోయి పక్కదారిన లోపలికి వెళ్ళి, చావడినుంచి విహారంలోకి వచ్చే తలుపుకి గడియ వేసేశాడు.

"పొద్దువాలేదాకా ఆగాలి!" అని కేకేశాడు.

"ఆగడానికి ఊపిరుండాలి కదరా! నీకు కళ్ళు లేవా? నువ్వు మనిషివా, బండరాయివా?"

ప్రతి తిట్టూ నాగబుద్ధి శాస్త్రానికి సాక్ష్యం చెప్పింది. ఎంత కచ్చితం! ఒక్క అడుగు చూసి ఇన్ని తిట్లు ముందే చదివేశాడు.

మధ్యాహ్నానికి అరుపులు బతిమాలుకోవడమయ్యాయి. బతిమాలుకోవడం ఏడుపైంది. ఆపైన అదీ వినబడలేదు.

'చల్లబడుతున్నాడు,' అనుకున్నాడు నాగబుద్ధి తృప్తిగా.

పొరుగూరు వెళ్ళిన గురువు పొద్దువాలే వేళకి తిరిగొచ్చారు. ఇసుక వైపు ఒకసారి చూసి చావడిలోకి వెళ్ళారు. ఎంతకీ బయటికి రాలేదు. తను చదివిన అడుగుల సంగతి చెప్పుకుందామని నాగబుద్ధి గబగబా వెళ్ళాడు.

ఉప్పుమడుల్లో పనిచేసే మనిషి గోడకి చేరగిలబడి ఉన్నాడు. పేరు పోలన. అతని ఒళ్ళో తల పెట్టుకుని ఒక ముసలాయన పడుకున్నాడు. వడదెబ్బ తగిలిన తండ్రిని మడుల దగ్గరనుంచి కొండపైకి వీపున మోసుకొచ్చాడు కొడుకు. ఇప్పుడా ముసలాయన నోటిమీద ఈగ వాలింది. ఎవరూ తోలలేదు.

గురువు నేలమీద కూర్చుని పోలన పాదాలు కడుగుతున్నారు. అరికాళ్ళ తోలు ఊడి ఉంది. లోపలనుంచి, పొద్దున్నుంచీ పనిలేని వైద్య భిక్షువు మందు నూరే కల్వం తోముకుంటున్న చప్పుడు వస్తోంది.

"ఒక్కరి అడుగులే ఉన్నాయి భంతే..." అన్నాడు నాగబుద్ధి.

"ఇద్దరివి, మోసినవాడివీ వీపున ఉన్నవాడివీ," అన్నారు గురువు. "నీకు వాకిలి ఇచ్చిన తప్పుకి నావి కూడా కలుపుకో."

కడగడం అయ్యాక తన పైవస్త్రంతో ఆ పాదాలు తుడిచారు.

"శ్మశానం ఇసుకకి అవతలుంది. ఇతను ఇంక మొయ్యలేడు. ఎత్తుకో."

ముసలాయన్ని వీపుమీద వేసుకుని నాగబుద్ధి వాకిట్లోకి వచ్చాడు. అలవాటుకొద్దీ కాలు పైకెత్తి వేశాడు. ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయింది.

వెనకనుంచి పోలన కుంటుకుంటూ వచ్చి తండ్రి నడుంకింద చెయ్యి ఆనించాడు. పొద్దుటి గొంతు కాదది. అందులో కోపం వెతికినా లేదు.

"కాలెత్తకండి సామీ, ఇసకలో తూలిపోతారు. ఈడ్చుకుంటా నడవండి. మా అయ్యకి దెబ్బ తగుల్తాది."

నాగబుద్ధి కాలు ఈడ్చాడు.