నూనెలో ముంచిన చెయ్యి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేరుబాక్సులు బాగుచేసే మీరావలి అనే మేస్త్రి ఉండేవాడు. ఆయన పనికి వంక పెట్టగలవాడు లేడు గానీ, ఒకసారి ఎవరిమీదైనా కోపం పెట్టుకున్నాడా, ఇక దాన్ని దించుకునే గుణం ఆయనకు లేదు.

ఆయనకు చదువు అంతంతమాత్రం. తన పేరు రాసేవాడు, కూడబలుక్కుని లారీ నంబరు చదివేవాడు, అంతే. కానీ తిరుగుతున్న గేరుబాక్సు మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏ చక్రానికి పన్ను విరిగిందో చెప్పేవాడు. నలభై ఏళ్ళలో ఆ మాట ఒక్కసారి తప్పలేదు. అందుకే మెకానిక్కుల సంఘం ఏ పనిముట్టు కొనాలన్నా ముందు ఆయన్నే అడిగేది. "మేస్త్రి బాగుందన్నాడా?" అని ఒకరు అడిగేవారు. "అన్నాడు" అని ఇంకొకరు చెప్పేవారు. అక్కడితో చర్చ అయిపోయేది.

ఇక ఆయన కోపం సంగతి. పద్దెనిమిదేళ్ళ కిందట చక్రధర్ అనే అతను స్పేరుపార్టులు అమ్ముకోవడానికి ఆయన షెడ్డుకు వచ్చాడు. దర్జాగా కుర్చీలో కూర్చుని, తన పార్టుల ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఇచ్చి చదవమన్నాడు. మీరావలి దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. చక్రధర్ పదిమందిలో పకపకా నవ్వాడు.

"బొమ్మలు చూసుకో మేస్త్రీ! అవి తలకిందులైనా అర్థమవుతాయి!" అన్నాడు.

ఆ సాయంత్రమే మీరావలి ఆ కుర్చీని పాత ఇనుము కొట్లో పడేసి వచ్చాడు. తరవాత ఆ షెడ్డులోకి ఇంకో కుర్చీ రాలేదు. ఎంతటివాడైనా అక్కడ నిలబడే మాట్లాడేవాడు.

ఇలా ఉండగా, పని నేర్చుకునేవాళ్ళ కోసం సంఘంవాళ్ళు హెడ్‌సెట్లు కొనాలనుకున్నారు. తలకు తగిలించుకునే కళ్ళద్దాల పెట్టె అది. పెట్టుకుంటే ఎదురుగా ఉన్న షెడ్డూ మనుషులూ మామూలుగానే కనబడతారు. వాటి మధ్యలోనే బొమ్మలూ కనబడతాయి. మూత తీసిన గేరుబాక్సు ముందు నిలబడితే, ముందు ఏ చక్రం తియ్యాలో, చెయ్యి ఎక్కడ పెట్టకూడదో రంగు రంగుల బొమ్మ దాని మీదే నిలబడి చూపిస్తుంది. ఈ సరదా ఊరికే పుట్టలేదు. ఏటా కొత్తవాళ్ళలో ఒకరిద్దరి వేళ్ళు పళ్ళచక్రాల మధ్య నలిగేవి. మీరావలితో కలిసి పని నేర్చుకున్న ఇస్సాకుకు కుడిచేతికి మూడు వేళ్ళే ఉండేవి. మిగిలిన రెండూ ఇరవై రెండో ఏట అలాగే పోయాయి.

అప్పటికే రెండు కంపెనీలు తమ హెడ్‌సెట్లు చూడమని ఇచ్చి వెళ్ళాయి. మూడోది పట్టుకుని తెల్లచొక్కాతో మీరావలి షెడ్డులో దిగినవాడు చక్రధర్.

"ఇలాంటిది ప్రపంచంలో ఇదే మొదటిసారి!" అని మొదలుపెట్టాడు అతను. బరువు తక్కువన్నాడు, మొదటిసారన్నాడు. బొమ్మలో మెరుపన్నాడు, మొదటిసారన్నాడు. గాల్లో వేలితో నొక్కితే పని చేస్తుందన్నాడు, అదీ మొదటిసారే. అలా పన్నెండు గొప్పలు చెప్పాడు. మీరావలి ఒక్కొక్క గొప్పకూ ఒక్కొక్క వేలి కణుపు లెక్కపెడుతూ విన్నాడు.

"ఇస్సాకూ, వీడి పెట్టె పాత సరుకని తేల్చేదాకా నేను అన్నం క్యారియర్ విప్పను" అన్నాడు మెల్లిగా.

"నువ్వు విప్పకపోతే నాకూ ఆకలేగా మీరా! కూర నీ డబ్బాలో ఉంది" అన్నాడు ఇస్సాకు.

సంఘం అధ్యక్షుడు రత్నంగారు మూడు హెడ్‌సెట్లూ బల్ల మీద పెట్టించాడు. మీరావలి మొదటిది తగిలించుకున్నాడు.

"పెళ్ళికొడుకులా ఉన్నావురా!" అన్నాడు ఇస్సాకు. అందరూ నవ్వారు.

"సంబంధాలు చూడమని నిన్నెవడూ అడగలేదు. వెలుగుకు అడ్డం లే!" అన్నాడు మీరావలి.

ఆయన తొందరపడలేదు. ఒక్కో గొప్పనూ మూడింట్లోనూ వేసి చూశాడు. తల తిప్పాడు, వంగాడు, గాల్లో నొక్కాడు. బరువు చూడటానికి త్రాసు కూడా తెప్పించాడు. చక్రధర్ చెప్పినవన్నీ మిగతా రెండింట్లోనూ ఉన్నాయి. మీరావలి మనసులో పండగలా ఉంది. అయినా ఆగలేదు. ఆ పెట్టెను పూర్తిగా ఓడిస్తే తప్ప ఆయనకు తృప్తి లేదు.

గేరుబాక్సులో చెయ్యి పెట్టాడు. మూడింట్లోనూ చెయ్యి బొమ్మకు ముందు చక్కగా కనబడింది.

"చూశారా, చెయ్యి ఎంత స్పష్టంగా ఉందో!" అన్నాడు చక్రధర్.

"కడుక్కున్న చెయ్యి కదా, కనబడుతుంది. మా షెడ్డుల్లో తెల్లటి చెయ్యి ఎవడికుంది?" అంటూ మీరావలి పక్కనున్న కాలిన నూనె డబ్బాలో మోచేతిదాకా ముంచాడు. చెయ్యి తారులా నల్లగా తేలింది.

మొదటి హెడ్‌సెట్‌లో ఆ చెయ్యి మాయమైపోయింది. నూనె చేతిని అది చెయ్యి అని గుర్తుపట్టలేదు. వేళ్ళ మీదికి బొమ్మ గుడ్డలా పరుచుకుంది. చెయ్యి ఎక్కడుందో, పళ్ళు ఎక్కడున్నాయో తెలియలేదు. రెండోదాంట్లో కాసేపు కనబడింది, కాసేపు పోయింది. ఇక చక్రధర్ తెచ్చింది తగిలించుకుని, పళ్ళు బిగించి చెయ్యి పెట్టాడు.

చెయ్యి కనబడింది.

వేళ్ళు మూసి తెరిచాడు. కనబడింది. స్పానర్ పట్టుకున్నాడు. గుడ్డ చుట్టాడు. ట్యూబులైటు ఆర్పమన్నాడు. అరగంట సేపు దాన్ని ఓడించడానికి తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాడు. ఆ నల్లటి చెయ్యి, గోళ్ళతో సహా, బొమ్మకు ముందే నిలబడింది.

మీరావలికి ఒళ్ళు మండిపోయింది.

"ఏం మేస్త్రీ, కొత్తదేనా? మీరు ఏదంటే అదే. కొత్తదేం లేదంటే ఇప్పుడే తిప్పి పంపేస్తాం" అన్నాడు రత్నంగారు.

మీరావలి పెట్టె తియ్యలేదు. పెట్టుకున్నవాడికి తప్ప పక్కవాడికి లోపలి సంగతి తెలియదు. ఒక్కమాట, 'లేదు' అంటే చాలు. చక్రధర్ తెల్లచొక్కా సర్దుకుంటూ, తలవంచుకుని షెడ్డు దాటి పోతాడు. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన ఎదురుచూసింది ఈ ఒక్కమాట కోసమే.

నోరు తెరిచాడు.

అప్పుడే పెట్టె అద్దాల్లోంచి ఒక చెయ్యి కనబడింది. చెయ్యి తుడుచుకోమని ఇస్సాకు పాత బనీను గుడ్డ అందిస్తున్నాడు. గుడ్డను పట్టుకున్నవి మూడు వేళ్ళు.

మీరావలి తెరిచిన నోరు మూసుకున్నాడు. గుడ్డ తీసుకున్నాడు. పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు.

"ఇతను చెప్పిన గొప్పలు పన్నెండు. పన్నెండూ పాతవే. బొమ్మ మెరుపైతే రెండోదాంట్లోనే ఇంకా బాగుంది. ఈ కంపెనీ కడుపులో పుట్టిందంటూ వాటిలో ఒక్కటీ లేదు" అన్నాడు.

చక్రధర్ ముఖం మాడిపోయింది. రత్నంగారు హెడ్‌సెట్‌ను అట్టపెట్టెలో పెట్టబోయాడు.

"ఆగండి. నా మాట పూర్తి కాలేదు. ఇతను చెప్పనిది ఒకటుంది. నూనె చేతిని ఈ పెట్టె చూడగలదు. ఆ రెండూ చూడలేవు. అది కొత్త. మన పిల్లల వేళ్ళు మిగలాలంటే కావలసింది అదొక్కటే. కొంటే ఇదే కొనండి" అన్నాడు మీరావలి.

చక్రధర్ నోరు వెళ్ళబెట్టాడు. "అదేమిటి మేస్త్రిగారూ! ఆ సంగతి మా కాగితాల్లో లేదే!"

"కాగితంలో లేదు. డబ్బాలో ఉంది. చొక్కా మడిచి నువ్వూ ముంచు, తెలుస్తుంది" అన్నాడు మీరావలి.

రత్నంగారు ముంచి చూశాడు. చక్రధర్ కూడా ముంచాడు. ఆఖరున ఇస్సాకు తన కుడిచెయ్యి నూనెలో ముంచి గేరుబాక్సులో పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"కనబడుతోందా?" అన్నాడు మీరావలి.

"మూడూ కనబడుతున్నాయి మీరా. ఇది అప్పుడే ఉంటే అయిదూ కనబడేవి" అన్నాడు ఇస్సాకు.



సంఘంవాళ్ళు ఆ హెడ్‌సెట్‌నే కొన్నారు. ఆ ఏడాది పని నేర్చుకున్నవాళ్ళలో ఒక్కరి వేలూ నలగలేదు. కానీ అది తరవాతి మాట. ఆ రోజు సంఘంవాళ్ళంతా వెళ్ళాక, మీరావలి, ఇస్సాకుల దగ్గర చక్రధర్ నల్లబడ్డ చేతులతో ఆగాడు.

"మేస్త్రిగారూ, ఆ రోజు నేను నవ్వకుండా ఉండవలసింది" అన్నాడు.

"ఉండవలసింది. ఆ కోపం నాకింకా ఉంది. అది వేరు, ఇది వేరు. టీ తాగుతావా? కుర్చీ మాత్రం లేదు" అన్నాడు మీరావలి.

"నిలబడే తాగుతాను" అన్నాడు చక్రధర్.

"పాత సరుకని తేలలేదుగా, మరి క్యారియర్ సంగతి?" అన్నాడు ఇస్సాకు.

"ఏదో ఒకటి తేలింది కదా, విప్పు" అన్నాడు మీరావలి.

కాబట్టి, ఒక వస్తువు కొత్తదో పాతదో అమ్మేవాడి గొప్పలూ చెప్పవు, మన కోపమూ చెప్పదు. దాన్ని అసలు పనిలో పెట్టి చూడాలి, చూసింది శత్రువుకు లాభమైనా సరే చూసినట్టే చెప్పాలి.